మీర్జా గాలిబ్ గారి ఇంటి సంగతులు

చరిత్ర అనగానే మనకు పానిపట్టు జ్ఞాపకం వస్తుంది, ప్లాసీ జ్ఞాపకం వస్తుంది. ఏ రాజు ఏ సంవత్సరంలో గద్దె ఎక్కాడో పిల్లలు గడగడా అప్పజెబుతారు. ఆ రాజు కాలంలో ఇంటి కిరాయి నెలకు ఎంత, వానాకాలంలో కప్పు కారితే ఎవరిని అడగాలి, నెలాఖరుకి ఇంట్లో ముందుగా ఏ ఖర్చు తగ్గించేవారు అన్న సంగతులు మాత్రం పాఠ్యపుస్తకాలలో కనబడవు. వీటిని వ్రాసిపెట్టినవారు తక్కువ. పరువు గల కుటుంబాలవారికైతే ఇవి పైకి చెప్పుకోవటానికే సిగ్గుపడే సంగతులు.

సిగ్గుపడకుండా వ్రాసిపెట్టిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన మీర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్. గజళ్ళు చెప్పిన గాలిబ్ అందరికీ తెలిసినవారే. ఉర్దూ రానివారు కూడా ఆ పేరు వింటే తల ఊపుతారు. నేనిక్కడ చెప్పబోయేది ఉత్తరాలు వ్రాసిన గాలిబ్ గురించి. 1850 ప్రాంతం వరకు ఆయన ఉత్తరాలు ఎక్కువగా పారశీకంలోనే సాగేవి. తరువాత వయసు పైబడి, అంత శ్రమ పడలేక ఉర్దూలోకి దిగారు. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే వ్రాశారు. ఆ ఉత్తరాలు "ఊదె హిందీ" పేరుతో 1868లోను, "ఉర్దూయె ముఅల్లా" పేరుతో ఆయన చనిపోయిన కొద్ది వారాలకే 1869లోను అచ్చయ్యాయి. ఉర్దూ గద్యానికి అవి దారి చూపాయని మేము తరగతిలో చెబుతూనే ఉంటాము. ఆ రోజుల్లో ఢిల్లీలో ఒక మధ్యతరగతి సంసారం ఎలా నడిచేదో తెలియాలన్నా అవే దిక్కు.

ముందు ఆ ఇంటి ఆదాయం చూద్దాం. మీర్జా గారు 1797 డిసెంబరు 27న ఆగ్రాలో పుట్టారు. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ సిపాయి వృత్తివారు. ఆయన కొన్నాళ్ళు మన హైదరాబాదులో నిజాం అలీ ఖాన్ కొలువులో 300 మంది రౌతులతో పనిచేశారని మీర్జా గారే వ్రాసుకున్నారు. ఆ కొలువు ఊడి, చివరికి అల్వర్ రాజు పక్షాన పోరులో మరణించారు. పెంచుతున్న చిన్నాన్న 1806లో పోయారు. ఆయన పేరున కుటుంబానికి వచ్చే పింఛనులో గాలిబ్ వాటా ఏడాదికి 750 రూపాయలు, అంటే నెలకు 62 రూపాయల 8 అణాలు. తన వాటా అంతకంటే చాలా ఎక్కువని ఆయన జీవితమంతా సర్కారుతో పోరాడారు. అందుకోసం 1826లో కలకత్తా బయలుదేరి 1829 నవంబరులో గాని తిరిగి రాలేదు. కేసు నెగ్గలేదు, అప్పులు మాత్రం పెరిగాయి.

1810లో పెళ్ళి. పెళ్ళికొడుక్కి 13 ఏళ్ళు, పెళ్ళికూతురు ఉమ్రావ్ బేగంకి 11. ఆమెది లోహారు నవాబుల కుటుంబం. తండ్రి ఇలాహీ బఖ్ష్ ఖాన్ "మారూఫ్" అనే పేరుతో కవిత్వం చెప్పినవారు. పెళ్ళి తరువాత మీర్జా గారు ఢిల్లీ చేరి అక్కడే స్థిరపడ్డారు. స్థిరపడ్డారన్న మాటేగాని సొంత ఇల్లు ఎన్నడూ కొనలేదు. బ్రతికినంత కాలం కిరాయి ఇళ్ళు, లేకపోతే ఎవరో స్నేహితులు ఉండనిచ్చిన ఇళ్ళు. పుస్తకాలు కూడా కొనేవారు కాదు, కిరాయికి తెప్పించుకుని చదివేవారని ఆయన శిష్యుడు హాలీ "యాద్గారె గాలిబ్" (1897) లో వ్రాశారు.

ఆ దంపతులకు ఏడుగురు పిల్లలు పుట్టారు. ఒక్కరు కూడా పదిహేను నెలలు దాటి బ్రతకలేదు. ఈ సంగతి మీర్జా గారు ఒక ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు. ఏడుసార్లు ఉయ్యాల కట్టి ఏడుసార్లు విప్పిన ఆ తల్లి ఏమనుకున్నదో ఎవరూ అడగలేదు, అడిగినా ఎవరూ వ్రాయలేదు.

చివరికి బేగం గారి అక్కచెల్లెలి కొడుకు ఆరిఫ్‌ని సొంత కొడుకులా చూసుకున్నారు. ఆరిఫ్ మంచి కవి. 1852లో చిన్న వయసులోనే పోయాడు. అతని భార్య అంతకు కొద్దినెలల ముందే పోయింది. ఇద్దరు మగపిల్లలు మిగిలారు: బాకర్ అలీ, హుసేన్ అలీ. ముందు చిన్నవాడిని, కొంతకాలానికి పెద్దవాడిని కూడా మీర్జా గారు, బేగం గారు తమ ఇంటికి తెచ్చుకున్నారు. యాభై దాటిన ఇంట్లోకి చంటివాడు వచ్చాడు.

ఆ సంవత్సరమే తఫ్తా అనే శిష్యుడు, అసలు పేరు హర్‌గోపాల్, దిద్దటానికి ఎక్కువ పద్యాలు పంపి తమరికి శ్రమ ఇస్తున్నానని నొచ్చుకున్నాడు. మీర్జా గారి జవాబు నాకు చాలా ఇష్టం. సారాంశం ఇది. ఈ పిల్లలు నన్ను మధ్యాహ్నం నిద్రపోనివ్వరు. తడి కాళ్ళతో వచ్చి నా పక్క మీద ఎక్కుతారు. ఒకచోట నీళ్ళు ఒలకబోస్తారు, ఒకచోట దుమ్ము లేపుతారు. వీళ్ళతోనే విసుగు రానివాణ్ణి, నీ పద్యాలతో ఎందుకు విసుగుపడతాను? అవీ నాకు మనుమలే గదా! ఈ పాఠం చెప్పినరోజు తరగతిలో ప్రతి పిల్లవాడూ తన తాతను గురించి ఏదో ఒకటి చెబుతాడు. ఆ రోజు పాఠం ముందుకు సాగదు.

ఇక 1857. తిరుగుబాటు, దర్బారు, బహదూర్ షా ప్రవాసం పుస్తకాలలో కావలసినంత ఉన్నాయి. మీర్జా గారి ఇంటి తలుపు లోపలి సంగతి వేరు. సెప్టెంబరులో ఇంగ్లీషు సేన ఢిల్లీలో దిగినప్పుడు బల్లీమారాన్ వీధిలోని హకీముల ఇళ్ళకు పటియాలా మహారాజు సిపాయిలు కాపలా ఉన్నారు. ఆ గల్లీలోనే ఉండటం వల్ల మీర్జా గారి ఇల్లు దోపిడీ తప్పించుకున్నది. కాని వీధి తలుపు మూసేశారు. బయటికి పోయే దారి లేదు, నీళ్ళు మోసే భిస్తీ రాడు. కుండలు ఎండిపోయాయి. ఒకనాడు వాన పడితే దుప్పటి నాలుగు కొసలు కట్టి, కింద పాత్రలు పెట్టి నీళ్ళు పట్టుకున్నారు. ఆయన పారశీకంలో వ్రాసిన "దస్తంబూ" లో ఈ సంగతి ఉన్నది.

ఇల్లు దోపిడీ తప్పించుకున్నా నగలు తప్పించుకోలేదు. గొడవ మొదలు కాగానే బేగం గారు తన నగలు, విలువైన సామాను భర్తకు చెప్పకుండా కాలే సాహెబ్ గారి ఇంటికి పంపించారు. పేరున్న పీరుల ఇల్లు, దాని జోలికి ఎవరూ రారని ఆమె నమ్మకం. అక్కడ నేలమాళిగలో దాచి మట్టితో మూశారు. సిపాయిలు ఆ ఇల్లే త్రవ్వి దోచుకుపోయారు. అప్పుడు గాని మీర్జా గారికి సంగతి తెలియలేదు. ఇప్పుడు కూడా ఆడవాళ్ళు బియ్యం డబ్బాలో నాలుగు నోట్లు దాచిపెడతారు, మగవాళ్ళకు చెప్పరు. చెబితే మిగలవని వాళ్ళకు తెలుసు. బేగం గారికి ఆ అనుభవం చాలా ఉండివుంటుంది. 1847లో ఇంట్లో జూదం ఆడించారన్న నేరం మీద భర్త మూడు నెలలు జైలులో ఉండివచ్చిన ఇల్లు అది. ఆయన సాయంత్రపు పానీయం సంగతి కూడా మనం దాచవలసిన పని లేదు, ఆయనే దాచలేదు.

అక్టోబరులో మతి చలించిన తమ్ముడు యూసుఫ్ చనిపోయాడు. కఫన్ గుడ్డ కొనటానికి బజారు లేదు. ఇంట్లోని దుప్పట్లే చుట్టి, దగ్గరి మసీదు ఆవరణలో పాతిపెట్టించారు. మే నెలలో ఆగిన పింఛను మూడేళ్ళు రాలేదు. ఆ మూడేళ్ళు ఇంటి బట్టలు, పరుపులు ఒక్కొక్కటి అమ్ముకుని తిన్నారు. లోకులు రొట్టె తింటున్నారు, మేము గుడ్డ తింటున్నామని మీర్జా గారు నవ్వులాటగా చెప్పుకున్నారు. 1859 జులై నుంచి రాంపూర్ నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకు 100 రూపాయలు పంపటంతో పొయ్యి వెలిగింది.

1860 మే నెలలో పింఛను మళ్ళీ వచ్చింది. మూడేళ్ళ బకాయి 2,250 రూపాయలు ఒక్కసారే చేతికందాయి. అందులో పెద్ద భాగం అప్పులవాళ్ళే పట్టుకుపోయారు. ఇంటి కిరాయి లెక్క కూడా అప్పుడే తీరింది. ఆ లెక్క ఒక ఉత్తరంలో ఉన్నది. పదేళ్ళకు పైగా ఒకే ఇంట్లో ఉన్నారు. కిరాయి నెలకు 4 రూపాయలు. ఏడేళ్ళు నెలనెలా ఇచ్చారు. పింఛను ఆగిన మూడేళ్ళ బాకీ నూటికి పైచిలుకు ఒకేసారి చెల్లించారు. కిరాయి ముట్టిందో లేదో, యజమాని ఇల్లు అమ్మేశాడు! కొన్నాయన ఖాళీ చెయ్యమన్నాడు. ఇల్లు దొరకలేదంటే వినలేదు, కూలీలను పెట్టి మరమ్మతు మొదలు పెట్టేశాడు. మేడ మీద రెండు గజాల వెడల్పు, పది గజాల పొడవు ఉన్న వాకిట్లో మీర్జా గారు పడుకుంటారు. అక్కడే పరంజా కట్టారు. ఎండాకాలపు ఉక్క, పక్కనే ఆ కర్రలు. తెల్లవారితే తనను ఉరి తీస్తారేమో, ఇది ఉరికంబమేమో అనిపించిందట. మూడేళ్ళ క్రితం ఆ ఊళ్ళో ఎన్ని ఉరికంబాలు లేచాయో ఎరిగినవారికి ఆ మాటలో హాస్యం సగమే. అలా మూడు రాత్రులు గడిచాక జులై 9, సోమవారం మధ్యాహ్నం వేరే ఇల్లు దొరికింది.

మేడ మీద మీర్జా గారు పడుకున్న స్థలం కొలతలతో సహా మనకు తెలిసింది. ఆ మూడు రాత్రులు బేగం గారు, పిల్లలు ఎక్కడ పడుకున్నారు?

కొత్త ఇంటి భాగ్యం రెండేళ్ళకు తెలిసింది. 1862 వర్షాకాలంలో అలాయీకి వ్రాసిన ఉత్తరం చూడండి. అలాయీ లోహారు వారి అబ్బాయి, బేగం గారికి మేనల్లుడి వరస. మహల్సరా గోడలు కూలాయి, పాయిఖానా కూలింది, కప్పులు కారుతున్నాయి, దీవాన్‌ఖానా స్థితి అంతకంటే అన్యాయం. మబ్బు వెలిసినా ఇంట్లో వాన వెలియటం లేదు. యజమాని బాగుచేయిద్దామన్నా వాన ఆగితే గదా పని మొదలయ్యేది. పని మొదలైతే మేమెక్కడ కూర్చునేది? అద్దె ఇళ్ళలో కాపురం చేసిన వారెవరికీ దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఈ ఉత్తరంలోనే ఒక్కచోట బేగం గారి గొంతు వినపడుతుంది. కూలుతున్న గోడల మధ్య మీ మేనత్త, అయ్యో నలిగిపోయాను, అయ్యో చచ్చాను అని కేకలు పెడుతున్నదని ఆయన వ్రాశారు. యాభై రెండేళ్ళ కాపురంలోంచి మనకు చేరిన ఆమె సొంతమాట బహుశా ఇంత స్పష్టంగా ఇంకెక్కడా లేదు. వానలు వెళ్ళేవరకు మీ హవేలీలో ఆమెకు ఒక చోటు, నాకు ఒక చోటు ఇప్పించండి, మరమ్మతు కాగానే సాహెబు, మేము, బాబాలోగ్ తమ పాత నివాసానికి వెళ్ళిపోతారు అని ముగింపు. కప్పు నెత్తిన కురుస్తుంటే కూడా తమను తాము దొరలుగా, దొరసానిగా చెప్పుకుని నవ్వించటం ఆయనకే చెల్లింది.

ఖర్చుల ఉత్తరం కూడా అలాయీకి వ్రాసినదే. పింఛను 62 రూపాయల 8 అణాలు, రాంపూరువి 100, మొత్తం 162 చిల్లర. ఖర్చు జాబితా ఏకరువు పెడతారు. ఇన్‌కంటాక్సు వేరు, చౌకీదారు వేరు, వడ్డీ వేరు, అసలు వేరు, భార్య వేరు, పిల్లలు వేరు, నౌకర్లు వేరు. ఆదాయం మాత్రం అదే 162. ఇన్‌కంటాక్సు మన దేశానికి వచ్చిందే 1860లో, తిరుగుబాటు అణచటానికి అయిన ఖర్చు రాబట్టటానికి. ఆ ఖర్చులో వాటా మీర్జా గారి నెత్తిన కూడా పడిందన్నమాట. చివరికి ఏం చేశారంటే, పొద్దుటి చలవ పానీయం మానేశారు, మధ్యాహ్నం మాంసం సగం చేశారు, రాత్రి మద్యమూ గులాబినీళ్ళూ బంద్. నెలకు 20, 22 రూపాయలు మిగిలాయట. గమనించండి, ఇంట్లోవారి ఖర్చు తగ్గించినట్టు ఎక్కడా చెప్పలేదు, తన కంచంలోంచే తీశారు. ఎన్ని తప్పులున్నా ఈ ఒక్క సంగతికి నేను ఆయనకు నమస్కరిస్తాను. ముసలితనంలో ఆయన ఆహారం ఏమిటంటే ఉదయం ఏడు బాదం గింజల పాలు, మధ్యాహ్నం మాంసం ఉడికించిన చిక్కని రసం, సాయంత్రం ఎప్పుడైనా వేయించిన కబాబులు మూడు. పళ్ళు ఊడిపోయిన మనిషికి రోజూ ఏడు గింజలు ఎంచి నూరించి పంపటం లోపలి నుంచి జరగవలసిన పనే గదా.

హాలీ వ్రాసిన ముచ్చట ఒకటి అందరూ చెప్పుకుంటారు. మీర్జా గారు కిరాయికి ఒక ఇల్లు చూశారు. మగవారి భాగం నచ్చింది, ఆడవారి భాగం చూసి రమ్మని బేగం గారిని పంపించారు. ఆమెకు నచ్చలేదు. ఆ ఇంట్లో ఏదో బలా ఉన్నదని జనం అనుకుంటున్నారన్నది. లోకంలో నిన్ను మించిన బలా కూడా ఉన్నదా అని ఆయన ఎదురడిగారట. మేము నవ్వుతాము, పిల్లలు నవ్వుతారు. అయితే బేగం గారి మాట తోసివేయకుండా చదవాలి. మగవారి భాగం చూసి ఇల్లు కుదుర్చుకునే మనిషికి వంటిల్లు ఎటు ఉన్నదో, నీళ్ళు ఎక్కడినుంచి తేవాలో పట్టదు. ఆమె నమాజు, రోజాలు తప్పని మనిషి. భర్త అలవాట్ల వల్ల తన తినే గిన్నెలు, త్రాగే గ్లాసులు వేరుగా పెట్టుకున్నది. అలాగని ఆయన సేవలో ఏ లోటూ రానివ్వలేదని, ఆయన కూడా రోజూ ఒక నిర్ణీత వేళకు తప్పకుండా లోపలికి వెళ్ళివచ్చేవారని హాలీయే చెబుతున్నారు. గిన్నెలు వేరైనా కాపురం వేరు కాలేదు.

అన్నిటికంటే పేరుపొందిన ఉత్తరం బేడీల ఉత్తరం. అందులో మీర్జా గారు తన పెళ్ళిని యావజ్జీవ ఖైదుగా వర్ణిస్తారు. 1225 హిజ్రీ రజబ్ 7న శిక్ష పడింది, కాలికి ఒక బేడీ తగిలించారు, ఢిల్లీని జైలుగా నిర్ణయించారు. తరువాత చేతులకు రెండు సంకెళ్ళు కలిశాయి. అవి ఆరిఫ్ పిల్లలు. 1860 మొదట్లో బేడీని జైలులోనే విడిచి, రెండు సంకెళ్ళతో సహా రాంపూర్ పారిపోయాను, రెండు నెలలు కాకుండానే మళ్ళీ పట్టుబడ్డాను అంటారు. పట్టుబడటమంటే ఏమీ లేదు, పిల్లలు ఇంటికి పోదామని పేచీ పెట్టారు. వాళ్ళను ఒంటరిగా పంపటానికి మనసొప్పక ఆయనే వెంటబెట్టుకు వచ్చేశారు.

ఈ పాఠం చెబుతుండగా ఒక సంవత్సరం ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి అడిగింది: "సార్, ఆ బేగం గారు తిరిగి ఏమీ వ్రాయలేదా?" నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంటికి వచ్చి చెబితే మా ఇంట్లోవారు, "ఆమెకు వ్రాసే తీరిక ఎక్కడిది, ఇల్లు కారుతుంటే గిన్నెలు పెట్టేది ఎవరు?" అన్నారు. ఆ తరువాత ఉత్తరం మళ్ళీ చదివితే ఇన్నేళ్ళూ నేను పట్టించుకోని సంగతి ఒకటి కనబడింది. ఆ ఉత్తరం ఎవరికి వ్రాశారు? అలాయీకే. అంటే బేగం గారి పుట్టింటివారికి. అక్కడ చదువుతారు, నవ్వుకుంటారు, ఎవరో ఒకరు వచ్చి ఆమెకు కూడా చెప్పితీరుతారు. నిజంగా భార్య మీద కోపమున్నవాడు ఆమె మేనల్లుడికి అలా వ్రాస్తాడా? అందుకే దానిని ద్వేషమని నేను అనలేను. అది అత్తవారింటివారితో ఆడే పరిహాసం. పరిహాసమైనా ఎప్పుడూ ఒక వైపునుంచే వినపడటం మాత్రం నిజం.

1865లో కొత్త నవాబు కల్బె అలీ ఖాన్ గద్దె ఎక్కిన సందర్భంలో మళ్ళీ రాంపూర్ వెళ్ళారు, పిల్లలిద్దరూ వెంటే. అక్కడినుంచి హకీం గులాం నజఫ్ ఖాన్‌కి వ్రాసిన ఉత్తరంలో ఇల్లంతా కళకళలాడుతుంది. మేకలు, పావురాలు, బటేరు పిట్టలు, గాలిపటాలు అన్నీ సిద్ధం. పిల్లలు ఒకప్పుడు తన మనసు సంతోషపెడతారు, ఒకప్పుడు ప్రాణం తీస్తారు. నెల ఖర్చుకి చెరి రెండు రూపాయలు ఇస్తే పది రోజుల్లో ఎగరగొట్టారు. ఆ పైన చిన్నవాడు వచ్చి, దాదాజాన్, మాకు కొంచెం ఖర్జె హసనా ఇవ్వండి అన్నాడు. వడ్డీ లేని అప్పు! ఇచ్చారు. ఇవాళ ఇంకా పద్నాలుగో తేదీ, నెల తిరిగేలోగా ఇంకెన్నిసార్లు అప్పు పుడుతుందో చూడాలని వ్రాశారు. జన్మమంతా మహాజనులకు వడ్డీలు కట్టిన మనిషి, మనుమడికి మాత్రం వడ్డీ లేకుండా అప్పిచ్చి మురిసిపోయారు.

ఆఖరి రెండేళ్ళు ఆయన రాంపూర్ నవాబుకి పెట్టుకున్న అర్జీలలో రెండే కోరికలు. తన అప్పు తీరాలి, హుసేన్ అలీ పెళ్ళి జరగాలి. 1869 ఫిబ్రవరి 15న, జిల్‌ఖాదా 2న, ఆ అప్పు తీరకుండానే కన్నుమూశారు. నిజాముద్దీన్‌లో ఖననం చేశారు. బల్లీమారాన్, గలీ ఖాసిం జాన్‌లో ఆయన చివరిగా ఉన్న కిరాయి ఇంటిని 2000లో స్మారకంగా తెరిచారు.

ఉమ్రావ్ బేగం గారు ఆ తరువాత చాంద్రమానం ప్రకారం సరిగ్గా ఒక్క ఏడాది బ్రతికారు. 1870 ఫిబ్రవరి 4న, మళ్ళీ జిల్‌ఖాదా 2ననే పోయారు. ఆమె సమాధి కూడా నిజాముద్దీన్‌లోనే, ఆయన సమాధికి దగ్గరలో ఉన్నది.